కోనేటి మెట్ల నుంచి యెరూషలేము దాకా: మనవాళ్ళ పవిత్ర భూమి యాత్ర వెనుక చరిత్ర

 

మన బడంగ్‌పేట్ నుంచి బాలాపూర్ వైపు వెళ్ళినా, మీర్‌పేట్ మీదుగా ఎల్బీ నగర్ వచ్చినా గోడల మీద, కరెంటు స్తంభాల మీద ఒక రకం ఫ్లెక్సీలు కనిపిస్తుంటాయి. ఒక పక్క బంగారు గుమ్మటం, ఇంకో పక్క ఒంటెలు, మధ్యలో ఒక పాస్టర్ గారి ఫోటో, కింద "పవిత్ర భూమి యాత్ర, ఇన్ని రోజులు, ఇన్ని రూపాయలు" అని ఉంటుంది. విశేషమేంటంటే, ఆ ఫ్లెక్సీ మీద మెరిసే బంగారు గుమ్మటం చర్చి కాదు. అది 7వ శతాబ్దం చివర ముస్లింలు కట్టిన డోమ్ ఆఫ్ ది రాక్. యెరూషలేము అనగానే అందరికీ గుర్తొచ్చే బొమ్మ అదే కాబట్టి వేస్తారు. అక్కడి చరిత్ర ఎంత కలగలిసిపోయిందో ఆ ఒక్క ఫ్లెక్సీయే చెబుతుంది.

ఈ ఎపిసోడ్‌లో మూడు ప్రశ్నలు చూద్దాం. ఒకటి, సువార్తల్లో ఉన్న చోట్లు ఇవే అని ఎవరు గుర్తించారు, ఎప్పుడు? రెండు, అందులో ఎంతవరకు నమ్మవచ్చు? మూడు, యాత్రలు, విగ్రహాలు వద్దని చెప్పిన మిషనరీల దగ్గర క్రైస్తవం నేర్చుకున్న మన తెలుగువాళ్ళు ఇప్పుడు ఇంత ఖర్చు పెట్టుకొని ఎందుకు వెళ్తున్నారు? మూడో ప్రశ్నకి జవాబు యెరూషలేములో లేదు. అది ఒంగోలు దగ్గర, గుండ్లకమ్మ ఒడ్డున ఉంది. అక్కడికి చివర్లో వద్దాం.

మొదటి మూడు వందల ఏళ్ళు

చాలామంది ఏమనుకుంటారంటే, యేసు కాలం నుంచీ జనం ఆ చోట్లకి గుంపులుగా వెళ్తూనే ఉన్నారని. కాదు. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చేశారు. యూదుల రెండో తిరుగుబాటు 135లో అణగిపోయాక హాడ్రియన్ చక్రవర్తి ఆ ఊరి పేరే మార్చేసి, ఏలియా కాపిటోలినా అనే రోమన్ పట్టణంగా తిరిగి కట్టించాడు. యూదులు అందులో అడుగు పెట్టకూడదన్నాడు. క్రైస్తవులది కూడా అప్పటికి రాజ్యం గుర్తించని మతమే. అట్లాంటప్పుడు బహిరంగంగా యాత్రలెక్కడివి?

అయినా ఒకరిద్దరు వెళ్ళారు. 2వ శతాబ్దంలో సార్దీస్ బిషప్ మెలితో ఆ ప్రాంతానికి వెళ్ళి వచ్చాడు. 3వ శతాబ్దంలో ఓరిజెన్ అనే పండితుడు బేత్లెహేములో యేసు పుట్టిన గుహ అని చూపిస్తారని రాశాడు. అంటే స్థానికుల నోట్లో కొన్ని చోట్ల జ్ఞాపకం నిలిచే ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

అసలు మలుపు కాన్‌స్టంటైన్ చక్రవర్తితో వచ్చింది. 325 తర్వాత ఆయన ఆజ్ఞ మీద యెరూషలేములో ఒక రోమన్ గుడిని తొలగించి తవ్వితే, దాని కింద రాతిలో తొలిచిన సమాధి బయటపడిందని ఆ కాలపు చరిత్రకారుడు యుసేబియస్ రాశాడు. దాని మీద కట్టిన పెద్ద చర్చిని 335లో ప్రతిష్ఠించారు. పరిశుద్ధ సమాధి చర్చి అని మనవాళ్ళు చెప్పేది దాన్నే. చక్రవర్తి తల్లి హెలెనా కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. 333లో ఫ్రాన్సులోని బోర్డో నుంచి ఒక యాత్రికుడు వచ్చి, దారిలో ఎక్కడెక్కడ ఆగాడో, ఊరికీ ఊరికీ ఎంత దూరమో రాసిపెట్టాడు. ఆయన పేరు మనకి తెలీదు గానీ, మనకి దొరికిన తొలి క్రైస్తవ యాత్రా గ్రంథం ఆయనదే. మన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి మజిలీ మజిలీకి రాసుకున్నారు కదా, దాదాపు అదే పద్ధతి. పదిహేను వందల ఏళ్ళ ముందు!

ఎగేరియా, మన మట్టల ఆదివారం

ఇక్కడ ఒక ఆడమనిషి గురించి చెప్పాలి. ఆమె పేరు ఎగేరియా. 381 నుంచి 384 మధ్య పశ్చిమ ఐరోపా నుంచి వచ్చి, సీనాయి కొండ దగ్గర్నుంచి యెరూషలేము దాకా తిరిగింది. చూసినదంతా తన ఊళ్ళో ఉన్న తోటి స్త్రీలకి ఉత్తరంగా రాసింది. ఆ రాత వందల ఏళ్ళు కనపడకుండా పోయి, 1884లో ఇటలీలోని అరెజ్జో పట్టణంలో ఒక పాత చేతిరాత ప్రతిలో దొరికింది. మొదలు, చివర పోయాయి. మధ్య భాగం మిగిలింది.

అందులో ఏముందంటే, ఈస్టరుకి ముందు ఆదివారం సాయంత్రం జనమంతా ఒలీవల కొండ మీద చేరతారు. అక్కడి నుంచి ఖర్జూరపు మట్టలు, ఒలీవ కొమ్మలు పట్టుకొని, పాటలు పాడుకుంటూ ఊళ్ళోకి నడుస్తారు. నడవలేని చిన్నపిల్లల్ని తల్లిదండ్రులు ఎత్తుకుంటారు. ముసలివాళ్ళు ఉంటారు కాబట్టి మెల్లగా నడుస్తారు.

ఇది ఎక్కడైనా చూశారా? చూసే ఉంటారు. మన కాలనీల్లో మట్టల ఆదివారం నాడు జరిగేది ఇదే. పిల్లలు కొబ్బరి మట్టలో, ఈత మట్టలో పట్టుకొని, హోసన్నా పాడుకుంటూ రోడ్డు మీద నడుస్తారు. ట్రాఫిక్ ఆగితే విసుక్కునేవాళ్ళూ ఉంటారు, అది వేరే సంగతి. ఆ ఊరేగింపు ఎట్లా జరిగేదో మొదట వివరంగా రాసింది ఎగేరియానే. యెరూషలేములో ఆ కొండ అక్కడే ఉంది కాబట్టి అక్కడివాళ్ళు కొండ దిగి నడిచారు. చూసిన యాత్రికులు తమ ఊళ్ళకి వెళ్ళి, కొండ లేకపోయినా నడిచారు. అట్లా దేశాలు దాటి మన దాకా వచ్చింది. అంటే యాత్ర ఒక వైపే నడవలేదు. మనుషులు యెరూషలేముకి వెళ్ళారు, యెరూషలేము మనుషుల వెంట ఊరూరికీ వెళ్ళింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. పాత ఆచారాలన్నీ అక్కడి నుంచే వచ్చాయని అనుకోవద్దు. గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు కదా, ఆ పద్ధతి 17వ శతాబ్దం చివర పెరూ దేశంలోని లిమా నగరంలో జెస్విట్ గురువులు మొదలుపెట్టినది. ఆ మూడు గంటలూ సిలువ దగ్గర వాక్యాలు చదవడం ఎగేరియా కాలంలోనూ ఉంది గానీ, ఏడు మాటల వరుస మాత్రం లిమాది. ఒక కేథలిక్ ఆచారం దక్షిణ అమెరికాలో పుట్టి, ఐరోపా తిరిగి, మన బాప్టిస్టు, లూథరన్ సంఘాల్లోకి వచ్చింది.

"అక్కడికి వెళ్తేనే దేవుడా?"

యాత్రలు మొదలైన ఆ తరంలోనే ఈ ప్రశ్న కూడా మొదలైంది. 4వ శతాబ్దం చివర నిస్సా బిషప్ గ్రెగరీ యెరూషలేము వెళ్ళి వచ్చి ఒక ఉత్తరం రాశాడు. చోటు మారినంత మాత్రాన దేవుడు దగ్గర కాడని, ఆ ఊళ్ళో దొంగతనాలు, హత్యలు కూడా ఉన్నాయని దాని సారాంశం. బైబిలును లాటిన్లోకి తెచ్చిన జెరోమ్ కథ ఇంకా విచిత్రం. పరలోక ద్వారం యెరూషలేము నుంచి ఎంత దూరమో బ్రిటన్ నుంచీ అంతే దూరం అనే అర్థం వచ్చేలా ఒక మిత్రుడికి రాశాడు. తాను మాత్రం బేత్లెహేములోనే ముప్ఫై ఏళ్ళకు పైగా ఉండి, 420లో అక్కడే చనిపోయాడు!

కాబట్టి "యాత్ర అవసరమా" అని అడగడం నాస్తికత్వమూ కాదు, కొత్తదీ కాదు. 16వ శతాబ్దంలో ప్రొటెస్టెంట్ ఉద్యమం వచ్చినప్పుడు లూథర్ లాంటివాళ్ళు యాత్రల్ని గట్టిగానే విమర్శించారు. పుణ్యం కొనుక్కునే బేరంగా మారిందని వాళ్ళ అభ్యంతరం. మన తెలుగు సంఘాల్లో చాలా భాగం ఆ కొమ్మ నుంచే వచ్చినవి.

సమాధి ఒకటి, చోట్లు రెండు

ఇప్పుడు రెండో ప్రశ్న. అక్కడ చూపించే చోట్లని ఎంతవరకు నమ్మవచ్చు?

పరిశుద్ధ సమాధి చర్చి సంగతి చూడండి. అది ఇప్పుడు పాత యెరూషలేము గోడల లోపల, బజారు మధ్యలో ఉంటుంది. సిలువ వేసింది ఊరి బయట అని కొత్త నిబంధన చెబుతుంది. మరి లోపలెట్లా ఉంటుంది? 19వ శతాబ్దంలో వెళ్ళిన ప్రొటెస్టెంట్లకి ఇదే అనుమానం వచ్చింది. అమెరికా పండితుడు ఎడ్వర్డ్ రాబిన్సన్ 1838లో వెళ్ళి, ఇది అసలు చోటు కాదన్నాడు. 1883లో బ్రిటిష్ సైన్యాధికారి చార్లెస్ గోర్డన్ గోడ బయట పుర్రెలా కనిపించే ఒక కొండను చూసి, గొల్గొతా అంటే ఇదేనన్నాడు. ఆ పక్కనే ఉన్న రాతి సమాధిని, తోటను ఇంగ్లండులో ఏర్పడిన ఒక సంఘం 1894లో కొనుక్కుంది. అదే గార్డెన్ టూంబ్, తోటలోని సమాధి.

తర్వాత పరిశోధన ఏం తేల్చింది? పాత చర్చిని లోపల వేసుకున్న గోడ యేసు కాలానికి లేదు. హేరోదు అగ్రిప్ప 41 నుంచి 44 మధ్య రాజ్యం చేసినప్పుడు ఊరు పెరిగిందని కొత్త గోడ మొదలుపెట్టాడు. అంతకు ముందు ఆ చోటు ఊరి బయటే. అక్కడ పాత రాతి గని, ఆ కాలపు సమాధులు ఉన్నాయి. ఇక గార్డెన్ టూంబ్ సమాధిని పరిశీలించిన పురావస్తు పండితుడు గాబ్రియేల్ బర్కాయ్, అది యేసుకి ఏడెనిమిది వందల ఏళ్ళ ముందు తొలిచినదని 1980ల్లో చూపించాడు. కొత్త సమాధిలో పెట్టారని సువార్త చెబుతుంటే అది ఎట్లా కుదురుతుంది? అందుకే నేటి చరిత్రకారుల్లో ఎక్కువమంది పాత చర్చి వైపే మొగ్గుతారు. నూటికి నూరుపాళ్ళు రుజువైందని కాదు, ఉన్నవాటిలో బలమైనది అదే అని.

కానీ మన తెలుగు బృందాలు ఎక్కడ ఎక్కువసేపు కూర్చొని పాటలు పాడుకుంటాయో తెలుసా? గార్డెన్ టూంబ్ దగ్గరే. ఎందుకంటే పాత చర్చిలో దీపాలు, సాంబ్రాణి, పటాలు, గ్రీకులు, ఆర్మేనియన్లు, కేథలిక్కులు, కోప్టులు, సిరియన్లు, ఇథియోపియన్లు, ఎవరి గంట వాళ్ళది, ఎవరి వంతు వాళ్ళది. ఆరు సంఘాలూ ఆ కట్టడాన్ని పంచుకుంటాయి. 1852లో ఒట్టోమన్ సుల్తాను ఎవరి హక్కు ఎంతవరకో ఖరారు చేసిన ఏర్పాటే ఇప్పటికీ నడుస్తోంది. ముఖద్వారం పైన ఒక కిటికీ కింద ఉన్న చెక్క నిచ్చెనని కూడా ఆ ఏర్పాటు దెబ్బతింటుందని అట్లాగే ఉంచేశారు. తలుపు తాళంచెవి ముస్లిం కుటుంబాల దగ్గర ఉంటుంది. జౌదే కుటుంబం తాళంచెవి కాపాడితే, నుసైబే కుటుంబం తలుపు తెరుస్తుంది. తెల్ల గోడలు, బెంచీలు, పాటల పుస్తకం ఉన్న చర్చికి అలవాటైన మనవాళ్ళకి అక్కడ కాస్త ఉక్కిరిబిక్కిరిగా ఉంటుంది. తోటలో బెంచీ మీద కూర్చుంటే ప్రాణానికి హాయిగా ఉంటుంది. ప్రార్థనకి అది మంచి చోటే. కాకపోతే "మాకు నచ్చింది" వేరు, "చరిత్రలో అదే" వేరు. ఆ రెండూ కలపకూడదు.

మూడు తరగతులు

మొత్తం చోట్లని నేను మూడు తరగతులుగా చూస్తాను.

మొదటిది, మట్టిలో గట్టి సాక్ష్యం దొరికినవి. యోహాను సువార్తలో బేతెస్ద కోనేరుకి అయిదు మంటపాలున్నాయని ఉంటుంది. అయిదు ఎట్లా కుదురుతాయి, ఇది కల్పన అన్నవాళ్ళూ ఉన్నారు. తవ్వితే పక్కపక్కన రెండు చెరువులు, నాలుగు వైపులా, మధ్య గట్టు మీద ఒకటి కలిపి అయిదు మంటపాలు పట్టే నిర్మాణం బయటపడింది. సిలోయము కోనేరు మెట్లు 2004లో మురుగు కాలువ పనులు చేస్తుంటే దొరికాయి. పొంతి పిలాతు పేరున్న రాతి శాసనం 1961లో కైసరయలో దొరికింది.

రెండోది, పాత జ్ఞాపకం గట్టిగా ఉన్నవి. బేత్లెహేము గుహ, పరిశుద్ధ సమాధి, కపెర్నహూములో పేతురు ఇల్లని చెప్పే చోటు. కపెర్నహూములో 1968 నుంచి తవ్వితే 5వ శతాబ్దపు ఎనిమిది మూలల చర్చి, దాని కింద 1వ శతాబ్దపు మామూలు ఇల్లు దొరికాయి. ఆ ఇంట్లో ఒక గదిని మాత్రం జనం త్వరగానే ప్రత్యేకంగా చూసుకున్నట్టు గోడ పూతలు, గీసిన రాతలు చెబుతున్నాయి.

మూడోది, వీలు కోసం ఎంచుకున్నవి. కానా అని చూపించే ఊరు ఒకటైతే, పండితులు చాలామంది మొగ్గే ఊరు వేరొకటి. ఎమ్మాయు అని చెప్పే చోట్లు నాలుగు దాకా ఉన్నాయి. గలిలయలో 1986లో కరువుకి నీళ్ళు తగ్గినప్పుడు బురదలో దొరికిన ఎనిమిది మీటర్లకు పైగా పొడవున్న పడవను "యేసు పడవ" అంటారు. ఆ కాలపు పడవే, అనుమానం లేదు. యేసు ఎక్కాడనడానికి మాత్రం ఆధారం లేదు.

యొర్దాను బాప్తిస్మం సంగతీ అంతే. మన టీవీల్లో తెల్లబట్టలేసుకొని నీళ్ళలో మునిగే దృశ్యాలు ఎక్కువగా యార్దెనిత్ అనే చోటువి. అది 1981లో ఏర్పాటు చేసినది, గలిలయ సముద్రం నుంచి నది బయటికొచ్చే చోట. ఎందుకక్కడ? పూర్వం నుంచీ చెప్పే చోటు యెరికో దగ్గర, కింద. 1967 యుద్ధం తర్వాత అది సైన్యం చేతిలో పోయింది, చుట్టూ మందుపాతరలు. దాన్ని 2011లో గానీ మామూలు జనానికి తెరవలేదు. నదికి అవతల జోర్డాన్ వైపున్న అల్ మఘ్తస్‌ను యునెస్కో 2015లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంటే ఒక యుద్ధం యాత్రికుల స్నానఘట్టాన్ని వంద కిలోమీటర్లు పైకి జరిపింది.

మన ఊరి నుంచి వెళ్ళినవాళ్ళు

హైదరాబాదుకీ ఆ నేలకీ ఇంకో పాత సంబంధం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం సంస్థానపు హైదరాబాద్ లాన్సర్స్, మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లతో కలిసి ఒకే అశ్విక దళంగా పాలస్తీనాలో పనిచేసింది. 1917 డిసెంబరులో బ్రిటిష్ సైన్యం యెరూషలేముని పట్టుకుంది. 1918 సెప్టెంబరు 23న ఆ దళంలోని జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు హైఫా పట్టణాన్ని గెలిచారు. ఢిల్లీలో తీన్ మూర్తి అని ముగ్గురు సైనికుల బొమ్మలున్నాయి చూశారా, అవి ఈ మూడు సంస్థానాల సైనికులవే. వాళ్ళు యాత్రికులు కాదు. ఆయుధాలతో, ఇంకొకరి యుద్ధం కోసం వెళ్ళారు. ఆ దారుల్లో మనూరి గుర్రాల డెక్కల గుర్తులు కూడా పడ్డాయని చెప్పడానికే ఇది.

అప్పటికే యాత్ర ఒక వ్యాపారంగా కూడా మారింది. 1869లో థామస్ కుక్ కంపెనీ పాలస్తీనాకి టూరు నడిపింది. రైలు, ఓడ, గుడారం, భోజనం, గైడు, అన్నీ కలిపి ఒకే రేటు. మన గోడ మీది ఫ్లెక్సీకి మూలపురుషుడు ఎవరంటే ఆయనే.

ఇండియాకీ ఇజ్రాయెల్‌కీ పూర్తి దౌత్య సంబంధాలు 1992 జనవరిలో మొదలయ్యాయి. ఆ తర్వాత దారి సులువైంది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యెరూషలేము వెళ్ళే క్రైస్తవులకి సాయం ప్రకటించింది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకి 40 వేల నుంచి 60 వేల రూపాయలకీ, అంతకంటే ఎక్కువున్నవాళ్ళకి 20 వేల నుంచి 30 వేలకీ ఆ సాయాన్ని పెంచింది.

ఇది సబబేనా అని వాదన ఉంది, ఉండాలి కూడా. పన్ను డబ్బుతో ఒక మతం యాత్ర ఏంటి అన్నది ఒక పక్షం. మిగతా మతాల యాత్రలకి, పుష్కరాలకి ప్రభుత్వం ఖర్చు పెట్టట్లేదా అన్నది ఇంకో పక్షం. హజ్ సబ్సిడీ కేసులో 2011లో సుప్రీంకోర్టు అది రాజ్యాంగానికి విరుద్ధం కాదంది. 2012లో మరో తీర్పులో పదేళ్ళలో దాన్ని తీసెయ్యమంది. కేంద్రం 2018లోనే తీసేసింది. చట్టానికి పట్టొచ్చినదంతా మంచి ఖర్చు కాదు. అట్లాగని ఆ డబ్బుతో వెళ్ళే కూలి మనిషిని వెక్కిరించడమూ న్యాయం కాదు. ఎందుకో చెప్తాను.

గుండ్లకమ్మ దగ్గర దొరికే జవాబు

1876 నుంచి 1878 దాకా దక్షిణాదిలో ఘోరమైన కరువు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వే పనిలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి ఇప్పించాడు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గుంటూరు సీమలో లూథరన్లు, తెలంగాణలో బాప్టిస్టులు, మెథడిస్టులు, దోర్నకల్‌లో ఆంగ్లికన్లు, అన్నిచోట్లా కథ కొంచెం అటూఇటూగా ఇదే. కరువు, కూలి, బడి, గౌరవం.

ఇప్పుడు ఒక్క మాట గమనించండి. ఇందాక నేను కోనేరు అన్నాను, మంటపాలు అన్నాను. ఆ మాటలు నావి కావు, తెలుగు బైబిలులోవి. అనువాదకులు పరాయి దేశపు నీటి గుంటకి పేరు వెతుక్కుంటూ మన గుడి మాట తీసుకున్నారు. చదివేవాడికి వెంటనే బొమ్మ కట్టే మాట అది. కానీ ఆ రోజుల్లో దాన్ని వింటున్నవాళ్ళెవరు? ఊరి కోనేటి మెట్లు దిగే హక్కు లేనివాళ్ళు. నీళ్ళు ఎవరైనా పైనుంచి పోస్తే దోసిలి పట్టాల్సినవాళ్ళు. మంటపం నీడలో కూర్చోనివ్వనివాళ్ళు. వాళ్ళకి మొదటిసారి ఒక కథ వినపడింది. అందులో కోనేటి మంటపాల్లో పడుకున్నది రోగులు, గుడ్డివాళ్ళు, కుంటివాళ్ళు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా తనని నీళ్ళలోకి దించే మనిషి లేడని చెప్పుకున్న ఒక రోగి.

ఆ 2,222 మంది మునిమనవలు ఇవాళ హైదరాబాదు చుట్టూ ఉన్న కాలనీల్లో ఉన్నారు. టీచర్లుగా, నర్సులుగా, ఆటో డ్రైవర్లుగా, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళుగా. వాళ్ళలో ఒక ముసలమ్మ చీటీ పాడుకొని, శంషాబాద్‌లో జీవితంలో మొదటి విమానం ఎక్కి, సిలోయము కోనేటి మెట్ల మీద కాళ్ళు పెట్టిందంటే, ఆమెకి అది టూరిజం కాదు. మెట్లు దిగొద్దన్న ఊరిని దాటి, మెట్లు దిగడం. ప్రొటెస్టెంట్ సిద్ధాంతం యాత్ర అక్కర్లేదనే అంటుంది. అయినా మనుషులు వెళ్ళేది సిద్ధాంతం కోసం కాదు. మన నేలలో యాత్ర అంటే ఎప్పుడూ పరువు కూడా. కాశీకి పోయివచ్చినవాడిని ఊరు ఎట్లా చూస్తుందో అందరం చూశాం. ఆ పరువు తరతరాలుగా అందనివాళ్ళు, అందిన రోజున దాన్ని వదులుకోమంటే ఎందుకు వదులుకుంటారు? కాశీ నుంచి గంగ చెంబు తెచ్చినట్టే యొర్దాను నీళ్ళు సీసాలో తెచ్చి పంచుతారు. ఆచారం మనది, నీళ్ళు అక్కడివి.

వెళ్ళేవాళ్ళకి, వెళ్ళలేనివాళ్ళకి

రెండు మాటలు చెప్పి ముగిస్తాను. వెళ్ళేవాళ్ళు బేత్లెహేములో ఒలీవ చెక్కతో బొమ్మలు చెక్కేవాళ్ళని ఒక్కసారి పలకరించండి. ఆ ఊరి బతుకు యాత్రికుల మీదే. 2023 అక్టోబరులో యుద్ధం మొదలయ్యాక టూర్లు ఆగిపోయి, ఆ ఏడూ తర్వాతి ఏడూ అక్కడ క్రిస్మస్ వేడుకలే బహిరంగంగా చెయ్యలేదు. మనం రాళ్ళు చూడటానికి వెళ్తాం, ఆ రాళ్ళ మధ్య ఇంకా క్రైస్తవులు, ముస్లింలు, యూదులు బతుకుతున్నారు. పేపర్లు చూసి, పరిస్థితి తెలుసుకొని, డబ్బు ఎవరి చేతిలో పెడుతున్నారో రసీదుతో సహా చూసుకొని బయల్దేరండి. అప్పు చేసి మాత్రం వెళ్ళకండి. గ్రెగరీ చెప్పినా, జెరోమ్ చెప్పినా ఆ మాట మాత్రం కరెక్టే, దూరం అక్కడి నుంచీ ఇక్కడి నుంచీ ఒకటే.

వెళ్ళలేనివాళ్ళ కోసం చరిత్ర ముందునుంచే ఏర్పాట్లు చేసింది. యెరూషలేము వీధుల్లో నడవలేనివాళ్ళ కోసమే ఐరోపాలో సిలువ మార్గం పుట్టింది. అది పద్నాలుగు స్థలాలుగా 1731లో స్థిరపడింది. గుణదల కొండ ఎక్కేవాళ్ళకి అది తెలుసు. మన దగ్గర మెదక్ ఉంది. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరికేలా ఛార్లెస్ వాకర్ పోస్నెట్ మొదలుపెట్టించిన ఆ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. దాని మూడు రంగుటద్దాల కిటికీల్లో యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం ఉంటాయి. ఎండ బయటి నుంచి పడితేనే ఆ బొమ్మలు కనపడతాయి, చీకటి పడితే ఏమీ కనపడదు. బేత్లెహేము, గొల్గొతా, ఒలీవల కొండ, మూడూ ఒక్క కప్పు కింద. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎంజీబీఎస్‌ గానీ జేబీఎస్‌ గానీ చేరుకొని మెదక్ బస్సెక్కితే, పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికి రావచ్చు.

వచ్చే మట్టల ఆదివారం మీ కాలనీ రోడ్డు మీద పిల్లలు మట్టలు పట్టుకొని ఎదురొస్తే, బండి ఒక్క నిమిషం ఆపండి. పదహారు వందల ఏళ్ళ కిందట ఒక ఆడమనిషి ఉత్తరంలో రాసిన ఊరేగింపు అది.